ఆదోనికి చిత్రకారుడేడీ?

గురువు లేడనియు, గీయదగినది తమయూర లేదనియు ఆదోని, ఎమ్మిగనూరు యువకులు కుంచెను మూలబెట్టుట తగదు. తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) ఏ చిత్రకళాశాలలోను చదువలేదు. హిమాలయములు చూచియు, కులూలో నికొలస్ రోరిక్ ఆతిథ్యమందియు, తుదకు గుంటూరుసీమలోని తన పల్లెకే మరలివచ్చి వర్ణచిత్రములు వ్రాసెను. ఒక పల్లెకే అంతటి ఆకర్షణ యుండగా ఆదోని కేమి కొఱత? కొండకోట, సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామామసీదు, ప్రత్తిరాశులతో తెల్లబాఱు బజారు! ఎమ్మిగనూరన్ననో, 1938లో మాచాని సోమప్ప నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన యూరు. రంగుల పొందిక అచటి మగ్గములకు క్రొత్తగాదు.

గురువు వలదని మేమనము, దొరికిన మేలే. అంతవరకు మన పఠనమందిరములు, అంగడిలో కొన్న అచ్చుపటములను దించి, ఒక్క గోడనైన ఊరివారి చిత్రములకు విడువవలెను. చట్రముల ఖర్చు చందాదారులు భరింపలేనంతటిది కాదు.