ఆసియా కప్పు గెలిచిన కంపెనీ జట్లు.. గార్డెన్ రీచ్ ఎందుకు వెనకబడింది?

విశాఖపట్నంలోని పాత రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ కొత్త పేరు కాదు. కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున ఉన్న ఈ ప్రాంతమే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. 1955 నుంచి 2003లో తూర్పు కోస్తా రైల్వే చేతికి వెళ్లేదాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది. అదే గార్డెన్ రీచ్‌కు ఒక ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది. పేరు బీఎన్ఆర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చరిత్రలో కలిసిపోయినా జట్టుకు ఆ పేరే మిగిలింది.

అది చిన్న జట్టేమీ కాదు. 1964లో రోవర్స్ కప్ గెలిచింది. మన సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించాక, ఈస్ట్ బెంగాల్ వదిలి చేరింది ఈ జట్టులోనే. ఆనాటి ఆటగాడికి రైల్వే జట్టు అంటే నెల జీతం, క్వార్టర్స్, ఆట మానేశాక కూడా ఉద్యోగం.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే, 1967లో, ఆసియా క్లబ్బుల చాంపియన్‌షిప్ మొదలైంది. మొదటి విజేత ఇజ్రాయెల్‌కు చెందిన హపోయెల్ టెల్ అవీవ్. 1969లో మన దేశం తరఫున ఆడింది అసలు క్లబ్బే కాదు, మైసూరు రాష్ట్ర జట్టు. 1971 తర్వాత ఆగిపోయిన పోటీ 1985లో మళ్లీ మొదలైంది. అక్కడి నుంచి విజేతల పేర్లు చూస్తే స్టాక్ మార్కెట్ పట్టికలా ఉంటాయి: కొరియా దేవూ, జపాన్ ఫురుకావా ఎలక్ట్రిక్, యోమియురి పత్రికా సంస్థ జట్టు, 1994, 1995ల్లో థాయ్ ఫార్మర్స్ బ్యాంక్.

అంటే ఆఫీసు జట్టు కావడం వల్లే మనం వెనకబడ్డామనే వాదన నిలబడదు. ఆసియాను గెలిచినవీ ఆఫీసు జట్లే. తేడా ఆ తర్వాత వచ్చింది.

1993లో జపాన్ జె-లీగ్ మొదలుపెట్టినప్పుడు ఒక షరతు పెట్టింది. క్లబ్బుకు కంపెనీ పేరు కాదు, ఊరి పేరు ఉండాలి. స్థానికులతో, పురపాలక సంస్థతో సంబంధం ఉండాలి. దాంతో మిత్సుబిషి మోటార్స్ జట్టు ఉరావా రెడ్స్ అయింది. మత్సుషితా జట్టు గాంబా ఒసాకా, సుమితోమో మెటల్ జట్టు కషిమా ఆంట్లర్స్, యమహా జట్టు జూబిలో ఇవాటా అయ్యాయి. ఈ నాలుగూ తర్వాత ఆసియా విజేతలే. 2025 వరకు జపాన్‌కు దక్కిన 8 టైటిళ్లూ కంపెనీల నీడలో పుట్టిన 6 క్లబ్బులవే. కంపెనీలు డబ్బు పెట్టడం మానలేదు. కానీ క్లబ్బు వాటి సొంత సరుకుగా మాత్రమే మిగల్లేదు.

ఊరితో ముడిపడని జట్ల గతి కూడా ఈ జాబితాలోనే కనిపిస్తుంది. వరసగా రెండుసార్లు ఆసియాను గెలిచిన థాయ్ ఫార్మర్స్ బ్యాంక్ జట్టు 2000లో మూతపడింది. 1998లో యోమియురి తప్పుకున్నాక వెర్డీ క్లబ్బు కవాసాకి నుంచి టోక్యోకు మారింది, 2005లో రెండో డివిజన్‌కు పడిపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. 2016 ఏఎఫ్‌సీ కప్ ఫైనల్లో బెంగళూరు ఎఫ్‌సీని 1-0తో ఓడించింది ఇరాక్ వైమానిక దళం జట్టు. 2016 నుంచి 2018 దాకా వరసగా మూడుసార్లు ఆ కప్పు వాళ్లదే. సర్కారు సంస్థ అయినా సరే, జట్టును పోటీ స్థాయిలో నిలబెడితే గెలవచ్చని దాని అర్థం.

మనం ఈ రెండు దారుల్లో ఏదీ పట్టలేదు. రైల్వే, పోలీసు జట్లను ఉద్యోగాల కోటాగానే ఉంచేశాం. ప్రైవేటు కంపెనీలు విసుగొచ్చినప్పుడు తలుపులు మూసేశాయి. 1996-97లో తొలి జాతీయ లీగ్ గెలిచిన జేసీటీ 2011లో, అంతకు ఏడాది ముందు మహీంద్రా యునైటెడ్ రద్దయ్యాయి. ఆ జట్లను ఫలానా ఊరి క్లబ్బుగా మార్చి నిలబెట్టాలని ఎవరూ పట్టుబట్టలేదు.

2014లో వచ్చిన ఐఎస్ఎల్ ఊరి పేర్లయితే పెట్టింది. ఆ పేరు వెనక ఊరు ఎంత ఉందో తెలియాలంటే హైదరాబాద్ ఎఫ్‌సీని చూడాలి. 2019లో పుణె జట్టు స్థానంలో పుట్టింది. 2021-22లో ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత అప్పులు, జీతాల బకాయిలు, యాజమాన్య మార్పు. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఒకప్పుడు వరసగా అయిదేళ్లు, 1950 నుంచి 1954 దాకా, రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును కన్న నగరమిది. అలాంటి నగరం నుంచి చాంపియన్ జట్టు వెళ్లిపోతుంటే ఆపే హక్కు అభిమానికీ లేదు, నగరపాలక సంస్థకూ లేదు.

భారత క్లబ్బు ఏదీ ఇంతవరకు ఆసియా స్థాయి టైటిల్ గెలవలేదు. ఈస్ట్ బెంగాల్ 2003లో గెలిచిన ఆసియాన్ క్లబ్ చాంపియన్‌షిప్ ప్రాంతీయ పోటీ. కొత్త పెట్టుబడిదారు వచ్చిన ప్రతిసారీ మనం అడిగే ప్రశ్న, ఎంత డబ్బు పెడతారు అని. దాంతోపాటు రాతపూర్వకంగా అడగాల్సినవి మరో మూడున్నాయి. యజమాని వెళ్లిపోతే జట్టు ఊళ్లోనే ఉంటుందా? మైదానం, అకాడమీ ఎవరి పేరు మీద ఉంటాయి? ఆట ముగిసిన కుర్రాడికి ఒకప్పుడు గార్డెన్ రీచ్ ఇచ్చిన భరోసాకు బదులుగా ఏముంది? వీటికి జవాబు లేకుండా ఇంకో ఫ్రాంచైజీని తెచ్చుకుంటే, అది కూడా హైదరాబాద్ ఎఫ్‌సీలాగే ఒకరోజు సామాను సర్దుకుంటుంది.