లేజర్ ప్రింటరుకు ఏ కాగితం?

గత వానాకాలంలో ఒక రాత్రి మా అమ్మాయి హాల్ టికెట్ ప్రింటు తీయబోతే కాగితం మూడుసార్లు ఇరుక్కుపోయింది. తప్పు యంత్రానిది కాదు, మాదే. విప్పిన కట్టను నెలల తరబడి కిటికీ పక్కనే ఉంచాము. తేమ పీల్చిన కాగితం వేడి తగలగానే వంకర తిరుగుతుంది.

లేజర్ ప్రింటరు టోనర్ పొడిని దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడితో కరిగించి కాగితానికి అతికిస్తుంది. కనుక ఇంక్‌జెట్ కోసం తయారైన నిగనిగలాడే ఫొటో కాగితాన్ని ఇందులో ఎన్నడూ పెట్టరాదు. దాని పూత కరిగి లోపలి రోలరుకు అంటుకుంటే మరమ్మతు ఖర్చు తలకు మించిన భారమవుతుంది. ఇంటి అవసరాలకు 70 నుండి 80 జీఎస్ఎం కాగితం చాలు. లేజర్ ప్రింటరుకు పనికివస్తుందని కట్టపై ఉన్నదో లేదో చూసి కొనాలి.

మిగిలిన కాగితాన్ని దాని కవరులోనే చుట్టి, అలమరాలో నిలువుగా కాక పడుకోబెట్టి ఉంచాలి. ట్రేలో పెట్టేముందు అంచులను విదిలించి సమంగా సర్దాలి. ట్రేలోని గీత దాటనీయరాదు. పిన్ను, మడత, చిరుగు ఉన్నవాటిని వేరు చేయాలి. ఒకవైపు వాడిన కాగితాలను పారవేయక పిల్లలకు లెక్కలు చేసుకోవడానికి ఇవ్వవచ్చు.

ఆ రాత్రి కొత్త కట్ట విప్పాక హాల్ టికెట్ చక్కగా వచ్చింది. పాత కట్ట మాత్రం చిత్తుకాగితాల పాలయింది.