వస్తువుకు వేలు, పనిచేసే చేతికి పేచీ

స్నానాల గదిలో వృద్ధులు పట్టుకొని లేవడానికి గోడకు బిగించే స్టీలు కడ్డీని దుకాణాలలో గ్రాబ్ బార్ అంటారు. నేడు మన పట్టణాలలో ఎన్నో ఇళ్ళలో ఈ కడ్డీ ఉన్నది. గోడమీద కాదు, అటకమీద. అమెరికాలోని కుమారుడో, బెంగళూరులోని కుమార్తెయో ఆన్‌లైన్‌లో కొని పంపుతారు. అట్టపెట్టె రెండు రోజులలో వస్తుంది. దానిని బిగించే మనిషి రెండు నెలలైనా రాడు. "మీరు కొన్న సామాను మేము బిగించమండీ" అని ఒకరు, "వచ్చే వారం చూద్దాం సార్" అని మరొకరు, అసలు ఫోనే ఎత్తనివారు ఇంకొకరు. ఈలోపు ఆ ఇంటి పెద్దలు తలుపు గడియనో, తువ్వాలు వేలాడదీసే కమ్మీనో పట్టుకొని తడినేలమీద లేస్తూ ఉంటారు.

వైద్యునికి ప్లంబర్ల గొడవ ఎందుకని అడుగవచ్చు. అటకమీది ఆ పెట్టె ఖరీదు చివరకు ఎముకల వార్డులోనే చెల్లించవలసి వస్తుంది గనుక. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జారిపడడం, కిందపడడం వలన ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారు. ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఈ ప్రాణాంతకమైన పడిపోవడాలు అరవై దాటినవారిలో అధికం. వృద్ధులకు తుంటి ఎముక విరిగితే, నూటికి ఇరవై నుంచి ముప్పై మంది ఏడాదిలోపే మరణిస్తారని అనేక దేశాల అనుభవం చెబుతున్నది. వారిని చంపేది విరిగిన ఎముక మాత్రమే కాదు. మంచం పట్టిన తరువాత వచ్చే న్యుమోనియా, పడకపుండ్లు, కాలి సిరలలో గడ్డకట్టే రక్తం ఆ పని పూర్తిచేస్తాయి. నాలుగు బోల్టులు బిగించే మనిషి దొరకకపోవడం, అందువలన, ఇంటి అలంకరణ సమస్య కాదు, ఆరోగ్య సమస్య.

ఈ సమస్యకు మధ్యతరగతి ఇళ్ళలో వినిపించే వివరణ ఒక్కటే: "షాపువాడిచ్చే కమిషన్ పోతుందని వాళ్ళు రారు." ఇందులో సగం నిజమే. శానిటరీ దుకాణానికి కొనుగోలుదారును తీసుకువెళ్ళిన ప్లంబరుకు దుకాణదారు కొంత ముట్టజెప్పడం చాలాచోట్ల ఉన్న ఆచారం. ఆ సొమ్ము బిల్లులో కనిపించదు గాని, కట్టేది మనమే. ఇది చెడ్డ ఆచారం, పోవలసిన ఆచారం. అయితే దీనిని చూపించి ప్లంబరును దొంగ అనే ముందు మా వృత్తిని ఒకసారి చూడండి. పరీక్షా కేంద్రాల నుంచి, ఇతర ఆసుపత్రుల నుంచి వైద్యుడు కమిషన్ పుచ్చుకోరాదని భారత వైద్య మండలి 2002 నియమావళి స్పష్టంగా నిషేధించింది. పదేళ్ళు చదివి, ప్రమాణం చేసి వచ్చినవారికే నిషేధం రాసిపెట్టవలసి వచ్చినప్పుడు, ఏ నియమావళీ లేని, ఏ పింఛనూ రాని కార్మికుని ఒక్కడినే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఇక మిగిలిన సగం నిజం మనకు చేదుగా ఉంటుంది. మనం కొన్న సామాను బిగించడానికి ప్లంబరు జంకడంలో చాలా సందర్భాలలో సహేతుకత ఉన్నది.

ఒక కమోడ్ సంగతే తీసుకోండి. మురుగు గొట్టం గోడలోకి పోయేది పి ట్రాప్, నేలలోకి పోయేది ఎస్ ట్రాప్. ఎస్ ట్రాప్‌లో మళ్ళీ గోడ నుంచి గొట్టం మధ్యకు దూరం 4 అంగుళాలా, 9 అంగుళాలా, 12 అంగుళాలా అన్నది చూడాలి. ఇవేవీ కొలవకుండా, బొమ్మ చూసి, తగ్గింపు చూసి కొంటాము. వచ్చినవాడు కొలిచి "ఇది కుదరదు" అంటే వాడికి పని రాదంటాము. గ్రాబ్ బార్ విషయమూ అంతే. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు పనికివచ్చే బోల్టు, తేలికరకం ఏఏసీ బ్లాకుల గోడలో పట్టు నిలుపుకోదు. దానికి వేరే యాంకర్ కావాలి. టైల్స్ వెనుక ఎక్కడ నీళ్ళ గొట్టం పోతున్నదో ఇంటి యజమానికే తెలియదు. డ్రిల్లింగ్ చేస్తుండగా టైల్ పగిలినా, లోపలి గొట్టం చిల్లుపడినా నష్టం ఎవరిది? వస్తువు మనది, గోడ మనది, లాభం మనది. నింద మాత్రం వాడిది. ఇటువంటి పనికి కూలి అడిగితే "రెండు బోల్టులకు ఇంతా?" అని బేరం పెడతాము. నాలుగు వేల రూపాయల కుళాయిని మారుమాట లేకుండా కొన్న చెయ్యి, నాలుగు వందల కూలి దగ్గర వణుకుతుంది. పనిమంతుడు అటువంటి ఇంటికి రాకపోవడం పొగరు కాదు, లెక్క.

పనిమంతుడు రాకపోతే పని ఆగుతుందా? ఆగదు. వాచ్‌మన్‌కు తెలిసిన కుర్రవాడు వస్తాడు. అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది.

రెండు కిలోవాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు లాగుతుంది. మూడు కిలోవాట్లదైతే 13. దానిని 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే తీగ వేడెక్కుతుంది. ఎర్తింగ్ లేని సాకెట్‌కు తగిలిస్తే, లోపలి కాయిల్ చెడిన రోజున షవర్ కింద నిలబడ్డ మనిషే ఎర్తింగ్ అవుతాడు. గీజర్ సేఫ్టీ వాల్వు నుంచి అప్పుడప్పుడు నీటిచుక్కలు రాలుతాయి. అది ఒత్తిడి తగ్గించుకొనే మార్గం. "లీకేజీ" అని దానిని మూసివేసే ఘనులున్నారు. థర్మోస్టాట్ కూడా చెడిననాడు ఆ గీజర్ తలపైన వేలాడే బాంబు. గ్యాస్ గీజర్‌ను కిటికీ మూసిన స్నానాల గది లోపలే బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. ఈ విధంగా స్పృహ తప్పినవారిని మూర్ఛవ్యాధిగ్రస్తులుగా పొరబడిన ఉదంతాలు మన దేశపు వైద్య పత్రికలకు ఎక్కాయి. ఇక గోడకు రాల్ ప్లగ్ కొట్టి, రెండు చిన్న స్క్రూలతో నిలబెట్టిన గ్రాబ్ బార్ అసలు లేనిదానికంటె అధ్వాన్నం. అమెరికా ప్రమాణం ప్రకారం అటువంటి కడ్డీ సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలి. లేనప్పుడు వృద్ధుడు జాగ్రత్తగా ఉంటాడు. ఉన్నదని నమ్మి బరువంతా వేసినప్పుడు ఊడివస్తే వెనుకకు పడతాడు. గోడకు గాలితో అతుక్కొనే రబ్బరు కప్పుల కడ్డీలను ఈ పనికి అసలు నమ్మరాదు.

గొట్టాల పని ప్రజారోగ్యపు పని అని చరిత్ర రెండుసార్లు గట్టిగానే చెప్పింది. 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగిన కాలంలో, హోటళ్ళలోని లోపభూయిష్టమైన గొట్టాల వలన మురుగు తాగునీటిలో కలిసి అమీబా విరేచనాలు ప్రబలాయి. 98 మంది మరణించారు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ భవనాలలో మూడు వందల మందికి పైగా సార్స్ బారిన పడడానికి ఒక ముఖ్య కారణం, స్నానాల గదుల నేలమీది ట్రాపులలో నీరు ఎండిపోయి మురుగు గొట్టంలోని తుంపరలు ఇళ్ళలోకి రావడమే. మన ప్లంబరు నానీ ట్రాప్ అని పిలిచే ఆ చిన్న గిన్నె, దుర్వాసననే కాదు, రోగాన్నీ ఆపుతుంది.

మరి చేయవలసినది ఏమిటి?

గృహస్థులారా! కొన్న తరువాత మనిషిని వెదకకండి. మనిషిని చూసుకొని కొనండి. ముందుగా పిలిచి, గోడ చూపించి, కొలతలు రాయించుకొని, చూసి చెప్పినందుకు కూడా కొంత రుసుము ఇవ్వండి. వైద్యునికి సలహా రుసుము ఇస్తున్నాము కదా! కమిషన్ రూపంలో చాటుగా ఇచ్చే సొమ్మును కూలి రూపంలో ఎదుటనే ఇవ్వండి. వస్తువులో లోపముంటే బాధ్యత మనది, బిగింపులో లోపముంటే తనది అని ముందే ఒక కాగితంమీద రాసుకోండి. విద్యుత్ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ప్లంబరుతో కలిపి కానివ్వమనకండి.

ప్లంబరు సోదరులారా! రానని చెప్పడం మీ హక్కు. కాని "రేపు, ఎల్లుండి" అని ముసలివారిని నెలలు తిప్పడం తప్పు. మీ సామాను కాదు గనుక ఇంత ఎక్కువ అవుతుందని సూటిగా చెప్పండి. నచ్చినవారు ఇస్తారు.

అపార్ట్‌మెంట్ సంఘాలవారు పండుగలకు చందాలు పోగుచేసినట్టే, ఏడాదికి రెండు రోజులు నిర్ణయించి, నమ్మకమైన మేస్త్రిని పిలిపించి, వృద్ధులున్న అన్ని ఇళ్ళలోనూ ఒకేసారి కడ్డీలు బిగింపించవచ్చు. ఒక్క కడ్డీకి రాని మనిషి ఇరవై కడ్డీలకు వస్తాడు.

"పేదవారు ఇంత కూలి ఎక్కడ తెస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయితే ఆన్‌లైన్‌లో ఇటలీ నమూనా కుళాయిలు కొని కూలి దగ్గర పేదవారయ్యేవారి నోట ఆ ప్రశ్న రాకూడదు. నిజమైన పేదవారి కోసం అడగవలసినది వేరు: ఐటీఐలలో ప్లంబర్ కోర్సు ఏడాదే. అందులో వృద్ధుల భద్రతకు కావలసిన బిగింపులను తప్పనిసరిగా నేర్పాలి. అక్కడ నేర్చుకున్నవారిని ప్రభుత్వమే వృద్ధులున్న ఇళ్ళకు పంపాలి. తుంటి మార్పిడి శస్త్రచికిత్సకు డబ్బు వెచ్చించగల ప్రభుత్వం, ఆ శస్త్రచికిత్స అవసరం రాకుండా చేసే నాలుగు బోల్టులకు వెచ్చించలేదా?

ఈ ఆదివారం మీ అటక ఒకసారి చూడండి. పెట్టె అక్కడే ఉంటే, బేరం మాని మనిషిని పిలవండి.