బెంచీ మీద పక్కచోటు

వికలాంగులైన పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ టీచరు ఎక్కడ తయారవుతాడు? శిక్షణ కళాశాలలో అని చాలామంది జవాబు. నేనలా అనుకోను. హైస్కూలు బెంచీ మీద తయారవుతాడు. పట్టా తర్వాత వస్తుంది.

1980ల తొలినాళ్లలో ఉదయగిరి ప్రాంతంలోని ఒక హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతి చదివాను. కిటికీలోంచి చూస్తే దుర్గం కొండ కనిపించేది. మా తరగతిలో చెవులు వినపడని కుర్రాడొకడు ఉండేవాడు. ఎదుటివారి పెదవుల కదలిక చూసి సగం మాట పట్టుకునేవాడు. మాస్టారు బోర్డువైపు తిరిగి రాస్తూ చెబితే ఆ సగమూ పోయేది. ప్రశ్న అడిగితే సంబంధం లేని జవాబిచ్చేవాడు, తరగతంతా ఘొల్లుమనేది. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. సండేస్కూల్లో కంఠత వాక్యాలకు ఏటా బహుమతి తెచ్చుకునేవాణ్ణి కూడా నేనే.

వాడి పక్కన కూర్చునే కుర్రాడు మాత్రం నవ్వలేదు. గొప్ప తెలివైనవాడేం కాదు, లెక్కల్లో నాకంటే వెనకే. మాస్టారు అటు తిరిగినప్పుడల్లా తన నోట్సు పక్కకు జరిపి, చెబుతున్న మాట మీద వేలుపెట్టి చూపేవాడు. కొన్నాళ్లకు ఇద్దరికీ ఒక సైగల భాష కుదిరింది. అరచెయ్యి బోర్లిస్తే భాగహారం. ముక్కు పట్టుకుంటే హెడ్మాస్టరుగారు వస్తున్నారని అర్థం (వారికి నస్యం అలవాటు లెండి).

ఆ పక్కచోటు కుర్రాడే తర్వాత స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి, ఆత్మకూరు వైపు పల్లెల్లో చెవిటి పిల్లలకూ, బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లలకూ పాఠాలు చెబుతూ ఉద్యోగ జీవితమంతా గడిపాడు. ఈ పనిలోకి ఎట్లా వచ్చావురా అని ఒకసారి అడిగాను. "కొత్తగా వచ్చిందేముందబ్బా, తొమ్మిదో తరగతి నించీ చేస్తా ఉండేదే గదా! ట్రైనింగులో దానికి పేర్లు నేర్పినారు, అంతే" అన్నాడు.

హెలెన్ కెల్లర్ గురువు ఆనీ సల్లివాన్ కథా ఇలాంటిదే. పేదల ఆశ్రయంలో కొన్నేళ్లు గడిపి, చూపు మందగించిన ఆ పిల్ల 1880లో పద్నాలుగేళ్ల వయసులో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. అప్పటికి చదవడం, రాయడం రాదు. తోటి పిల్లలు నవ్వారు. అదే ఆవరణలో చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడ ఉండేది. ఆమెతో కబుర్లాడటం కోసం ఆనీ అరచేతిలో వేళ్లతో అక్షరాలు రాయడం నేర్చుకుంది. 1887లో హెలెన్ ఇంటికి వెళ్లినప్పుడు ఆమె చేతిలో ఉన్న విద్య అదే.

మార్కు సువార్త 7వ అధ్యాయం చివర దెకపొలి ప్రాంతంలోని చెవిటివాని సంగతి ఉంది. యేసుప్రభువు ముందు అతణ్ణి జనసమూహంలోంచి ఏకాంతానికి తీసుకువెళ్లాడు. తర్వాత చెవుల్లో వేళ్లుంచాడు, నాలుక ముట్టాడు, ఆకాశంవైపు చూశాడు. 'ఎప్ఫతా' అన్న మాట ఆ తర్వాతే వచ్చింది. మాట వినలేనివానితో ప్రభువు మొదట అతనికి అర్థమయ్యే సైగలతో మాట్లాడాడు. దీని మీద నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. స్వస్థతను గురించే చెప్పారు గాని, ఈ ఏకాంతం గురించి చెప్పినవారు తక్కువ.

మా తరగతి కుర్రాణ్ణి కూడా ఆ ఏడాది ఒక స్వస్థత కూటానికి తీసుకువెళ్లారు. జనం మధ్యలో, వేదిక మీద. ప్రసంగీకుడు వాడి చెవుల్లో వేళ్లుపెట్టి మైకులో గట్టిగా ప్రార్థించి, వినపడుతోందా అని అడిగాడు. వాడు అందరి ముఖాలూ చూసి తలూపాడు. చప్పట్లు, స్తోత్రాలు. సోమవారం తరగతిలో ఎప్పటిలాగే మాస్టారి పెదవుల వైపు చూస్తూ కూర్చున్నాడు. "వాడు మన కోసరం తలూపినాడురా" అన్నాడు పక్కచోటు కుర్రాడు. ఆ తర్వాత వాడు గుడికి రాలేదు. పిలవడానికి మేమూ వెళ్లలేదు.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో స్టేషన్లు పెట్టింది. బడి గుమ్మం తొక్కనివ్వని కుటుంబాల పిల్లలు పలక పట్టింది అలాంటి మిషన్ల నీడలోనే. వెలుపల నిలబెట్టినవారికి లోపల చోటివ్వడం ఏమిటో మన సంఘాలకు ఇంకొకరు నేర్పనక్కరలేదు. అయినా మన సండేస్కూళ్లలో వినపడని పిల్లవాడు ఎక్కడ కూర్చుంటున్నాడు? మందిరం మెట్లు ఎక్కలేని ఆడపిల్లను అవ్వ దగ్గర వదిలి ఆరాధనకు వచ్చే తల్లులు మన మధ్య లేరా?

ప్రభుత్వం తన వంతు కొంత కదిలింది. 1995లో ఒక చట్టం, 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. మండలాల్లో భవిత కేంద్రాలు వెలిశాయి. ఇలాంటి పిల్లల్లో ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపైన పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మన రాష్ట్రం ఇలాంటి పోస్టులు 2,260 మంజూరు చేసింది. సంతోషమే. అయితే ఆ పోస్టుల్లోకి ఇష్టంగా వచ్చేవారు, పదిహేనేళ్ల వయసులో ఇలాంటి స్నేహితుడొకడు ఉన్నవారై ఉండాలని నా ఆశ.

చెవిటి పిల్లలకు తమ భాష తెలిసినవారి మధ్య చదువే మేలనేవారున్నారు. వారి మాట నేను తోసిపుచ్చలేను. మాకు కరుణ నేర్పడానికి వాడు బడికి రాలేదు, చదువుకోవడానికి వచ్చాడు. పదో తరగతి తప్పి మానేశాడు. వాడివల్ల ఒక మంచి ఉపాధ్యాయుడు తయారయ్యాడు నిజమే, వాడికి మాత్రం అలాంటి ఉపాధ్యాయుడు దొరకలేదు. ఇందులో దేవుని చిత్తం ఏమిటని ఎవరైనా అడిగితే, మా నవ్వు మాత్రం ఆయన చిత్తం కాదని చెప్పగలను.

ఉదయగిరి చెక్క స్పూన్లు, ఫోర్కులు మీలో కొందరు చూసే ఉంటారు. మా వాడు ఆ పనిలోనే స్థిరపడ్డాడు. మొన్న క్రిస్మస్ తర్వాత నా స్నేహితుడితో కలిసి వెళ్లాను. నలభై ఏళ్ల పైమాట అయినా గుర్తుపట్టాడు. చేతిలోని ఆకురాయి కిందపెట్టి, నవ్వుతూ ముక్కు పట్టుకుని చూపాడు. నాకు తెలిసింది ఆ ఒక్క సైగే. ఆ తర్వాత వాడు చేతులతో చాలాసేపు ఏదో చెప్పాడు. అదంతా నా స్నేహితుడే నాకు చెప్పాల్సివచ్చింది.