బొమ్మ వేసేవాడికి చదువెందుకన్న వాదం

కొండాపూర్ నుంచి హైటెక్ సిటీ దాకా యానిమేషన్, గేమ్ డిజైన్ శిక్షణ సంస్థల బోర్డులు పెరిగినకొద్దీ, చిత్రకళ విద్యార్థికి సాఫ్ట్‌వేరూ పోర్ట్‌ఫోలియో, అంటే ఉద్యోగమిచ్చేవారికి చూపే ఎంపికచేసిన బొమ్మల సంపుటీ ఉంటే చాలు, చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాలు కాలహరణమన్న మాట ఒక సిద్ధాంతంగా చలామణి అవుతున్నది. ఇది సిద్ధాంతం కాదు, పాఠాలు చెప్పేవారికి జీతమివ్వకుండా ఫీజు మాత్రం నిండుగా పుచ్చుకోవడానికి కల్పించుకున్న సాకు. కాకతీయ యోధుణ్ణి గీయమంటే రోమన్ కవచం తొడిగించే విద్యార్థికి చేయి బాగానే తిరుగుతుంది. కాని 1213 నాటి రామప్ప గుడి శిల్పాన్ని అతడికి ఎవరూ చూపలేదు, ఆ కాలం గురించి చదవమని ఎవరూ చెప్పలేదు.

చేర్యాలలో కథల పటాలు రాసే నకాషీ చిత్రకారులది కేవలం చేతిపని అనుకునేవారు ఆ పటాన్ని దగ్గరగా చూసినవారు కారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేపథ్యం మీద ఘట్టం వెంట ఘట్టంగా రాసే ఆ పటాన్ని విప్పుతూ, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. ఏ ఘట్టం తరువాత ఏది రావాలో, ఏ పాత్ర ఏ కులవృత్తికి మూలపురుషుడో, కథకుడు ఎక్కడ ఆగి వివరిస్తాడో తెలియనివాడు ఆ పటం రాయలేడు. పురాణం, సమాజం, కథనం అక్కడ కుంచెతోపాటే అబ్బే విద్యలు. వాటినే నేటి నగర సంస్థలు అనవసరమంటున్నాయి.

ఆధునిక చిత్రకారుల సంగతీ అంతే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆర్థికశాస్త్రం చదివి, ఆపైన శాంతినికేతన్ చేరిన కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గరే, బరోడాలో, తెలంగాణ పల్లెల నుంచి వెళ్లిన లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం నేర్చుకున్నారు. అడివి బాపిరాజు న్యాయశాస్త్రం చదివి, ‘నారాయణరావు’ వంటి నవలలు రాసి, బొమ్మలూ వేశారు. వీరిలో ఎవరి కుంచె చదువువల్ల మొద్దుబారిందో ఈ వాదం చేసేవారు చెప్పాలి.

అసలు తెగులు ఇంకా కిందనే ఉన్నది. పదో తరగతి దాటిన పిల్లవాడికి ఎంపీసీ, బైపీసీ తప్ప మరో దారి లేదని నమ్మించిన కార్పొరేట్ ఇంటర్ చదువు చరిత్రను, పౌరశాస్త్రాన్ని మార్కులు రానివాళ్ల గ్రూపుగా దిగజార్చింది. ఆ చిన్నచూపే నేడు కళావిద్యలోకీ పాకింది. ఇక ఉద్యోగాల మాటకు వస్తే, నేర్చిన సాఫ్ట్‌వేర్ కొన్నేళ్లలో మారిపోతుంది గనుక ఆ వాదానికి అంతకన్నా జవాబు అక్కరలేదు.

ఈ సంస్థలకు కూతవేటు దూరంలోని గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం తెలుగు, చరిత్ర, తత్వశాస్త్ర శాఖలతోపాటు లలితకళల శాఖనూ ఒకే ప్రాంగణంలో నడుపుతున్నది. అదే బాటలో శిక్షణ సంస్థలు వారానికొక పూటైనా విద్యార్థులను పుస్తకాల ముందు కూర్చోబెట్టి, ఏడాదికొకసారి చేర్యాలకో రామప్పకో తీసుకుపోవాలి. ఎన్ని గంటలు, ఎవరు బోధించాలి అన్నవి ఆ తరువాత తేల్చుకోవచ్చు.