కాలేయంలో మిగిలే బంగారం

డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి,

2004లో హెయిన్‌ఫెల్డ్ పరిశోధక బృందం క్యాన్సర్ కణితి ఉన్న ఎలుకలకు బంగారు నానోకణాలు ఎక్కించి ఎక్స్‌రేలు ఇచ్చింది. ఏడాది తర్వాత 86 శాతం బతికున్నాయి; ఎక్స్‌రే మాత్రమే ఇచ్చినవాటిలో 20 శాతమే. బరువైన లోహం కిరణాలను ఎక్కువగా పట్టి, పక్కనున్న కణితి మీదికి ఎలక్ట్రాన్లను విసురుతుంది. ఇది రోగులకూ పనికొస్తుందన్న ఆశ నాకూ ఉంది.

కానీ రక్తంలోకి ఎక్కించిన కణాలు కాస్త పెద్దవైతే మూత్రంలో పోవు. కాలేయంలో, ప్లీహంలో చేరి నెలల తరబడి ఉండిపోతాయి. రేడియేషన్ ముగిసి రోగి ఊరెళ్లిపోయాక ఆ కాలేయాన్ని చూసేదెవరు?

మనుషులపై ఇలాంటి ప్రయోగాలకు అనుమతిచ్చేటప్పుడు ఐదేళ్ల ఉచిత పరీక్షలు, దారిఖర్చులు తప్పనిసరి చేయండి. లోహం ఒంట్లో మిగిలిపోవచ్చన్న మాట అంగీకార పత్రం మొదటి పేజీలోనే, రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

ఇట్లు,
ఒక క్యాన్సర్ రోగి కూతురు