సెలవులకి ఊరెళ్తున్నారా? అక్వేరియం చేపని గెడ్డలో వదలొద్దు

పరీక్షలు అయిపోయాయి. ఊరికి బయలుదేరే ముందు చాలా ఇళ్లలో ఒకటే బెంగ, తొట్టెలో చేపల్ని ఎవరు చూస్తారని. "పాపం, గెడ్డలో వదిలేద్దాం నాన్నా, హాయిగా బతుకుతాయి" అంటారు పిల్లలు. ఆ మాటలో ఉన్నది జాలే. కానీ మన నదులకి వచ్చిన ఒక పెద్ద చిక్కు ఆ జాలితోనే మొదలైంది.

అద్దానికి అతుక్కుని నాచు తినే నల్ల చేపని మీరు చూసే ఉంటారు. షాపులో సక్కర్ ఫిష్ అనో, ట్యాంక్ క్లీనర్ అనో అమ్ముతారు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. కొన్నప్పుడు వేలెడంత ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది. తొట్టె చాలదు. అప్పుడే మనకి చెరువు గుర్తొస్తుంది.

చెరువులో దానికి అడ్డులేదు. ఒంటి నిండా గట్టి పలకలు, రెక్కలకి ముళ్లు ఉండటంతో మిగతా జీవులు తేలిగ్గా మింగలేవు. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. గట్లకి బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, దాంతో గట్టు కోతకి గురవుతుంది. మన చేపలకి దక్కాల్సిన మేత ఇది తినేస్తుంది. వలలో పడితే వల చిరుగుతుంది, బజారుకి తెస్తే కొనేవాళ్లుండరు. అందుకే ఆంధ్రాలో దీన్ని 'దెయ్యం చేప' అంటున్నారు.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపని పట్టకుండానే, నీటిలో అది వదిలిన డీఎన్ఏని వెతికారు. తూర్పు కనుమల్లో 60 శాతం నీటి వనరులకి ఇది పాకిందని తేల్చారు.

ఆ కనుమల్లోనే మనమూ ఉన్నాం. మన వంశధార కలహండి, రాయగడ సరిహద్దు కొండల్లో పుట్టి, శ్రీకాకుళం జిల్లా మీదుగా కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్ల వాటా కోసం రెండు రాష్ట్రాలు ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. చేపకి మాత్రం ఏ సరిహద్దూ తెలీదు. ఇక్కడ మనం వదిలింది అక్కడ మన చుట్టాల వలలో పడొచ్చు.

చట్టం లేదా అంటే, ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించారు. ముప్పు తెచ్చే విదేశీ జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని కట్టడి చేసే అధికారం కేంద్రానికి వచ్చింది. కానీ చట్టం షాపు దాకా రాగలదు గానీ, చీకటి పడ్డాక బకెట్టుతో గట్టుకెళ్లే చేతిని ఆపలేదు. నదిలో ఒకసారి కుదురుకున్న చేపని పూర్తిగా ఏరేయడం దాదాపు అసాధ్యం. ఆపగలిగేది ఇంటి దగ్గరే.

అందుకే తల్లిదండ్రులకి ఒక మాట. కొనేముందే "ఇది ఎంత పెరుగుతుంది?" అని అడగండి. పెంచలేకపోతే షాపుకి తిరిగివ్వండి, లేదా తొట్టె ఉన్న మరో ఇంటికి ఇవ్వండి. కాలవలోకి, చెరువులోకి మాత్రం వద్దు. పిల్లలూ, ఎక్కడైనా ఈ చేప కనబడితే ఫొటో తీసి, చోటు రాసుకుని మీ సైన్సు టీచరుకి చూపించండి. జాలి మంచిదే, అది గెడ్డలో ఉన్న మన చేపల మీద కూడా ఉండాలి.